ఇంటి నుంచి పని: వీపీఎన్, లాగిన్ సమస్యలు ఎక్కడ పుడతాయి?

సమస్య: వీపీఎన్ (ఇంటి ల్యాప్‌టాప్‌ని ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే సురక్షిత దారి) ఆన్ చేయగానే వీడియో కాల్ ఆగిపోతుంది, వీపీఎన్ ఆపేస్తే కాల్ బాగానే నడుస్తుంది.

కారణం: ఫుల్ టన్నెల్, అంటే ల్యాప్‌టాప్ డేటా మొత్తం వీపీఎన్ గుండానే వెళ్లే పద్ధతి. కాల్ డేటా కూడా ముందు ఆఫీసు గేట్‌వేకి వెళ్లి, అక్కడి నుంచి ఇంటర్నెట్‌లోకి వెళ్తోంది.

పరిష్కారం: వీడియో కాల్ సర్వీసు అడ్రసులను స్ప్లిట్ టన్నెల్‌లో (కొంత డేటాని వీపీఎన్‌లోకి రాకుండా పంపే పద్ధతి) పెట్టి నేరుగా వెళ్లనివ్వండి. దీన్ని వాయిదా వేయకండి. విసిగిపోయిన ఉద్యోగి వీపీఎన్ ఆపేసి పని కానిచ్చేస్తాడు, అందులో అతని తప్పు లేదు.

సమస్య: వీపీఎన్ కనెక్ట్ అయింది కానీ, కొందరికి మాత్రం ఆఫీసు సర్వర్ తెరుచుకోదు.

కారణం: చాలా ఇళ్ల రూటర్లలో 192.168.1.0/24 అనే అడ్రసుల రేంజి ఉంటుంది. ఆఫీసులోనూ అదే ఉంటే, ల్యాప్‌టాప్ ఆ సర్వర్‌ని ఇంట్లోనే వెతుక్కుంటుంది.

పరిష్కారం: ఆఫీసు అడ్రసులను 10తో మొదలయ్యే రేంజిలో, ఇళ్లలో సాధారణంగా కనిపించని దానికి మార్చండి.

సమస్య: అర్ధరాత్రి ఫోన్‌కి "లాగిన్ అప్రూవ్ చేయండి" అని వరసగా నోటిఫికేషన్లు.

కారణం: ఉద్యోగి లాగిన్ అవ్వడం లేదంటే, పాస్‌వర్డ్ చాలావరకు దొంగ చేతికి చిక్కినట్టే. నిద్రమత్తులో ఉద్యోగి ఒక్కసారి అప్రూవ్ నొక్కితే చాలని ఆ దొంగ ఆశ.

పరిష్కారం: రిజెక్ట్ చేసి వెంటనే ఐటీ టీమ్‌కి చెప్పాలి. ఎంత రాత్రయినా ఫోన్ చేయొచ్చని ఉద్యోగులకు ముందే చెప్పి ఉంచండి, తిడతారేమోనన్న టెన్షన్‌తోనే చాలామంది ఆగిపోతారు. పాస్‌వర్డ్ మార్చడం ఒక్కటే సరిపోదు. దొంగ అప్పటికే లోపలికి వచ్చి ఉంటే ఆ సెషన్ (ఒకసారి లాగిన్ అయ్యాక కొనసాగే ప్రవేశం) తెరిచే ఉండొచ్చు, కాబట్టి అన్ని సెషన్లనూ రద్దు చేయండి. తర్వాత, లాగిన్ స్క్రీన్ మీది నంబర్‌ని ఫోన్‌లో కొట్టే పద్ధతి పెట్టండి. వీలైతే నేరుగా పాస్‌కీలకు (పాస్‌వర్డ్‌కి బదులు వాడే డిజిటల్ తాళంచెవులు) మారండి. పాస్‌కీ అసలు సైట్ అడ్రసుకే కట్టుబడి ఉంటుంది కాబట్టి నకిలీ పేజీలో పనిచేయదు.

సమస్య: ఒక్క ల్యాప్‌టాప్‌లో పడిన మాల్‌వేర్ (హానికర ప్రోగ్రామ్) ఫైల్ సర్వర్ దాకా పాకింది.

కారణం: వీపీఎన్ గడప దాటినవాళ్లందరినీ ఇంటివాళ్లుగా చూడటం. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లోపం ఇదే.

పరిష్కారం: జీరో ట్రస్ట్, అంటే లోపల ఉన్నారని ఎవరినీ ఊరికే నమ్మకపోవడం. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2020లో 800-207 పత్రంలో దీన్ని వివరించింది. నెట్‌వర్క్ మొత్తాన్ని తెరవకుండా ఎవరికి ఏ అప్లికేషన్ అవసరమో అదొక్కటే ఇవ్వాలి. ఇచ్చేముందు మనిషినీ, ల్యాప్‌టాప్ అప్‌డేట్లనూ చూడాలి. ఇదంతా ఒక్క రోజులో అయ్యే పని కాదు, మొదట పాత ఖాతాలు పట్టండి. 2021లో అమెరికా ఇంధన సంస్థ కొలోనియల్ పైప్‌లైన్‌లోకి దొంగలు దూరింది వాడుకలో లేని ఒక వీపీఎన్ ఖాతాతోనే. దానికి పాస్‌వర్డ్ తప్ప రెండో తాళం లేదు. మీ వీపీఎన్ యూజర్ల జాబితాని హెచ్‌ఆర్ జాబితాతో పోల్చి, అందులో లేని పేర్లను ఈరోజే మూసేయండి.