నాణెం మీద ‘సోటర్’ బిరుదును గుర్తుపట్టడం ఎలా

మొన్న నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒకాయన ఫోన్లో వెండి నాణెం ఫొటో చూపించి ‘ఇది సోటరోస్ అనే రాజుదట’ అన్నాడు. సోటరోస్ పేరు కాదు, బిరుదు. సోటర్ అంటే గ్రీకులో కాపాడేవాడు. జ్యూస్ లాంటి దేవుళ్లను అలా కొలిచేవాళ్లు, రాజులకూ అదే బిరుదు దక్కింది: ఈజిప్టు ఏలిన మొదటి టాలమీ, సిరియా వైపు మొదటి ఆంటియోకస్, మన వాయవ్యాన క్రీ.పూ. 2వ శతాబ్దంలో ఏలిన మెనాండర్. బౌద్ధులు చెప్పే మిలిందుడు ఈయనే.

మెనాండర్ వెండి నాణెం దొరికితే, కనీసం మంచి ఫొటో దొరికినా సరే, రాజు తల ఉన్న వైపు ముందు చూడండి. అసలు నాణెమైతే టార్చి వెలుతురు పక్కనుంచి పడాలి, పైనుంచి వేస్తే అక్షరాలు కనపడవు. తల చుట్టూ ఏడు గ్రీకు అక్షరాల మాట వెతకండి: పక్కకు పడుకోబెట్టిన ఇంగ్లీషు ఎమ్ లాంటిది, గుర్రపు నాడా లాంటిది, తర్వాత టి, హెచ్, పి, ఓ, చివర మళ్లీ మొదటి అక్షరమే. అందరూ తప్పేది ఇక్కడే, ఎందుకంటే ఆ హెచ్‌ను ‘ఏ’ అనీ, పిని ‘ర’ అనీ చదవాలి. సోటేరోస్, అంటే రక్షకుని యొక్క. దానికి ముందున్న బాసిలియోస్ ‘రాజు యొక్క’, కింద ఉండేది పేరు.

ఇప్పుడు తిప్పండి. వెనక ఖరోష్ఠి లిపి, కుడి నుంచి ఎడమకు చదవాలి: మహారజస త్రతరస మెనంద్రస. ఆ త్రతర ఎవరో కాదు, మన ‘త్రాత’! గ్రీకు బిరుదును ఇక్కడి జనానికి అర్థమయ్యే మాటలో చెప్పారు, నాకు మొత్తం నాణెంలో ఎంతో నచ్చేది ఇదే.

పేరు కనపడక ‘సోటర్ మేగాస్’, అంటే మహా రక్షకుడు, అని మాత్రమే ఉంటే అది కుషాణుల కాలం నాణెం.

మన జిల్లాల్లో దొరికేవి ఎక్కువగా శాతవాహనులవి, వాటి మీద బ్రాహ్మీ లిపి ఉంటుంది. రోమన్ నాణేలూ దొరికాయి, వాటి మీదది లాటిన్. అందుకే మెనాండర్ నాణెం మా చేలో దొరికిందని ఎవరైనా అమ్మజూపితే తొందరపడి డబ్బులు ఇవ్వకండి. నిజంగా భూమిలో ఏదైనా దొరికితే కలెక్టర్‌కు తెలియజేయాలి, ఇది చట్టం. ఈలోగా దయచేసి చింతపండు పెట్టి తోమకండి, మట్టితో పాటు అక్షరాలూ పోతాయి.