జ్వరం పోయినా గొంతు రాకపోతే: మూడో పాఠం, స్ట్రాతో సాధన

పోయిన పాఠంలో చెప్పిన లెక్క రాసుకున్నారా? ఒక్క దమ్ములో 'స్‌స్‌స్' ఎన్ని సెకన్లు వచ్చింది, మనం 'జర ఆగు' అంటాం చూడండి, ఆ 'జ్'ని సాగదీస్తే ఎన్ని సెకన్లు వచ్చింది? 'స్'కి ఊపిరి ఒక్కటే చాలు, 'జ్'కి స్వరతంతువులు (గొంతులో అదిరి మాట పుట్టించే రెండు మడతలు) కూడా అదరాలి. రెండూ దాదాపు సమానంగా వస్తే ఫర్వాలేదు. 'స్' 20 దాకా వెళ్లి 'జ్' 12 దగ్గరే తెగిపోతుంటే మాత్రం తంతువులు సరిగా మూసుకోవట్లేదేమో, మధ్యలోంచి గాలి పోతోందేమో అని అనుమానించాలి.

సర్దీ, వైరల్ జ్వరం, కోవిడ్, ఏదొచ్చినా గొంతులో జరిగేది చాలావరకు ఒకటే, తంతువులు వాస్తాయి. మామూలుగా మాట్లాడేటప్పుడు మగవాళ్లలో సెకనుకు 100, 120 సార్లు, ఆడవాళ్లలో 200 సార్ల దాకా కొట్టుకునేవి వాచి బరువెక్కితే గొంతు బొంగురుపోక ఏమవుతుంది? ఈ వాపు చాలామందికి వారం, రెండు వారాల్లో అదే తగ్గుతుంది, వైరస్‌కి యాంటీబయాటిక్ పనిచేయదు కాబట్టి మందుల షాపులో అడిగి మింగొద్దు. చిక్కంతా ఆ తర్వాతే. గొంతు రావట్లేదని మెడ నరాలు బిగించి మాటను బయటికి నెట్టడం మొదలుపెడతాం, వాపు పోయినా ఆ నెట్టుడు అలవాటు పోదు.

హన్మకొండలో నా దగ్గరికి వచ్చిన ఒకావిడ వాళ్ల వాడలో బతుకమ్మ పాట ఎత్తుకునే మనిషి. ఎంగిలిపూలకు, అంటే పండుగ మొదటిరోజుకు, ఇంకా ఆరు రోజులుందనగా, గొంతుకు రెస్ట్ ఇస్తున్నానని చెప్పి వారం నుంచి గుసగుసలే మాట్లాడుతోంది. మెడ పక్కన చెయ్యి పెట్టి చూస్తే కండరాలు రాయిలా ఉన్నాయి. గుసగుస రెస్ట్ కాదండీ, చాలామంది అందులోనే ఇంకా ఎక్కువ బిగపడతారు. రెస్ట్ అంటే నోరు మూసుకోవడం, లేదా పక్కనున్న మనిషికి వినపడేంత మెత్తగా మామూలు గొంతుతో మాట్లాడటం.

ఇక సాధన. గ్లాసులో సగం నీళ్లు, కొబ్బరిబొండాం తాగే మామూలు స్ట్రా చాలు (కాగితం స్ట్రా వద్దు, రెండు నిమిషాల్లో మెత్తబడుతుంది). స్ట్రా కొస నీళ్లలో రెండు వేళ్ల మందం మునగాలి, అంతకంటే లోతు పెడితే ఊదడానికే దమ్ము సరిపోదు. పెదాలు స్ట్రా చుట్టూ మూయండి, బుగ్గలు వదులుగా ఉంచండి. ముందు గొంతు కలపకుండా ఊదండి, బుడగలు గుడగుడమని ఒకే తీరుగా రావాలి, ఆగి ఆగి వస్తే ఊపిరి వదలడంలోనే బిగుతు ఉందన్నమాట. అది కుదిరాక అదే ఊపిరికి 'ఊ' కలపండి. పెదాల దగ్గర, ముక్కు పక్కన జుమ్మని చక్కిలిగింతలా తెలిస్తే సరిగా చేస్తున్నట్టే, గొంతులో మంటపుడితే ఆపేయండి. స్ట్రా సన్నదారి కాబట్టి లోపలికి వెనక్కి కొద్దిగా ఒత్తిడి వస్తుంది, దాంతో తంతువులు ఒకదాన్నొకటి గట్టిగా గుద్దుకోకుండానే అదురుతాయి. నేలపట్టున బండి నడిపినట్టు 'ఊ' సమంగా వచ్చాకే, గుట్ట ఎక్కి దిగినట్టు శ్రుతి పైకీ కిందికీ తీసుకెళ్లండి.

ఆవిడకు నేను పాట మాటలు పూర్తిగా మాన్పించి, స్ట్రాలోంచి ఉయ్యాలో రాగం ఒక్కటే ఊదించాను. మొదటిరోజు పల్లవి సగంలోనే బుడగలు ఆగిపోయాయి, నాలుగో రోజుకు పల్లవి మొత్తం సాగింది. ఎంగిలిపూలనాడు పాట మాత్రం వేరేవాళ్లే ఎత్తుకున్నారు, ఆవిడ చప్పట్లు కొట్టింది. ఆఖరి రోజు సద్దులకు గానీ పాడనివ్వలేదు నేను.

ఒక్కసారి పావుగంట చేయడం కన్నా రెండేసి నిమిషాలు రోజుకు ఐదారుసార్లు మేలు. మధ్యలో ఊరికే గొంతు సకిలించొద్దు, గుటక వేయండి. తాగిన నీళ్లు తంతువులను తాకవు, అవి అన్నవాహికలోకి పోతాయి, అయినా ఒంట్లో తడి ఉంటేనే తంతువుల మీది జిగురు పలచగా ఉంటుంది, అందుకని తాగండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి సీజన్ పని ఉన్నవాళ్లు ఆ ఘాటుకు మాస్క్ లేకుండా పోతే ఈ సాధనంతా దగ్గులో కలిసిపోతుంది.

నాలుగు వారాలైనా బొంగురు తగ్గకపోతే స్ట్రా పక్కన పెట్టి ఈఎన్‌టీ డాక్టర్‌తో లోపల స్కోప్ పెట్టించి చూపించుకోండి. నీళ్లు తాగితే పొలమారుతున్నా, కఫంలో రక్తం పడినా, ఐసీయూలో గొంతులో ట్యూబ్ వేయించుకుని వచ్చినా నాలుగు వారాలు ఆగొద్దు. ఊపిరి తీసుకుంటే చప్పుడొస్తుంటే అదే గంటలో ఆసుపత్రికి పోవాలి.

వచ్చే పాఠానికి పొద్దున, సాయంత్రం 'స్', 'జ్' సెకన్లు రాసి ఉంచండి, అప్పుడు స్ట్రా తీసేసి మాటల్లోకి వద్దాం. గ్లాసు మీది మీకే ఉండాలి, నీళ్లు ప్రతిసారీ పారబోయండి, ఇంట్లో పిల్లలు ఆ బుడగలు చూసి నేనూ ఊదుతానంటారు, ఇవ్వొద్దు.