కాలి రక్తనాళాల్లో పూడిక ఉంటే స్టాటిన్ మాత్ర ఎలా వాడాలి

కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, ఆగితే కాసేపటికి తగ్గి, మళ్లీ అంతే దూరంలో పట్టేస్తుంటే వయసు మీద పడిందిలే అని వదిలేయకండి. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగించి చూసే ఏబీఐ అనే పరీక్ష ఉంది, అందులో 0.90 లేదా అంతకంటే తక్కువ వస్తే కాలి ధమనుల్లో పూడిక ఉన్నట్టే. అప్పుడు మామూలుగా కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో అటోర్వాస్టాటిన్ 40 లేదా 80, లేదంటే రోసువాస్టాటిన్ 20 లేదా 40 మిల్లీగ్రాములు రాస్తారు. వీటిని పగలైనా రాత్రైనా వేసుకోవచ్చు, రోజూ ఒకే వేళకైతే మర్చిపోరు.

"నా కొలెస్ట్రాల్ నార్మలే కదా, ఎందుకిది?" అని చాలామంది ఆపేస్తారు, నాకు బాధ కలిగించేది అదే. కాలిలో పూడిక ఉందంటే గుండెకీ మెదడుకీ వెళ్లే నాళాల్లోనూ ఉండొచ్చు, ఈ మాత్ర ముఖ్యంగా గుండెపోటూ పక్షవాతమూ రాకుండా ఇచ్చేది. 2002లో వచ్చిన హార్ట్ ప్రొటెక్షన్ స్టడీలో ఇలాంటి కాలి జబ్బు ఉన్నవాళ్లే 6,748 మంది, సింవాస్టాటిన్ 40 మిల్లీగ్రాములు వాడినవాళ్లలో అలాంటి ప్రమాదాలు ఐదో వంతుకు పైగా తగ్గాయి, మొదట్లో కొలెస్ట్రాల్ తక్కువున్నవాళ్లకూ మేలు జరిగింది. నడక నొప్పి వెంటనే తగ్గలేదని మానకండి, ఇది నొప్పి మాత్ర కాదు. ఆ నొప్పికి మందు నడకే: డాక్టర్‌ని అడిగి, నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవాలి. బీడీ, సిగరెట్ మాత్రం ఈరోజే మానేయాలి.

కొత్తగా ఒళ్లునొప్పులు వస్తే ఏ నొప్పో గమనించండి. పూడిక నొప్పి నడిస్తేనే వస్తుంది, ఆగితే పోతుంది. స్టాటిన్ వల్ల వచ్చేది ఎక్కువగా రెండు తొడల్లో, భుజాల్లో, కూర్చున్నా ఉంటుంది. అదైనా సొంతంగా ఆపకుండా చెప్పండి, డోసో మందో మారుస్తారు.

4 నుంచి 12 వారాల్లో లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొలెస్ట్రాల్ పరీక్ష, మళ్లీ చేయించండి. యూరప్ గుండె వైద్యుల మార్గదర్శకాల ప్రకారం ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 55 mg/dL కంటే తక్కువకు రావాలి, రాకపోతే ఎజెటిమైబ్ అనే మరో కొలెస్ట్రాల్ మందు కలుపుతారు. దగ్గుకో జ్వరానికో క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తుంటే స్టాటిన్ వాడుతున్నానని ముందే చెప్పాలి. కండరాలు విపరీతంగా నొప్పెట్టి మూత్రం ముదురు రంగులో వస్తే, లేదా కాలు ఉన్నట్టుండి చల్లబడి పాలిపోతే, అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.