అడవి చట్టం మనమే చదువుకుందాం – 4వ పాఠం: జీవో చేతికొస్తే ముందు ఏం చూడాలి?

గత మూడు పాఠాల్లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎలా వచ్చిందో చూశాం. అప్పట్లో అడవులు, వన్యప్రాణులు రాష్ట్రాల జాబితాలో ఉండేవి. అందుకే కొన్ని శాసనసభలు తీర్మానం చేసి కోరాక, రాజ్యాంగంలోని 252వ అధికరణం కింద పార్లమెంటు ఆ చట్టం చేసింది. అలా కోరిన వాటిలో మన రాష్ట్రం కూడా ఉంది. 1976లో 42వ సవరణతో ఆ రెండూ ఉమ్మడి జాబితాలోకి వచ్చాయి. చరిత్ర అంతవరకు చాలు. ఇవాళ్టి నుంచి కాగితం చదవడం నేర్చుకుందాం.

బెజవాడ, గుంటూరు వాళ్లకు దీనికి కొల్లేరు జీవో కంటే మంచి పాఠం దొరకదు. కొల్లేరును అభయారణ్యంగా ప్రకటిస్తూ 1999 అక్టోబరు 4న వచ్చిన జీవో ఎంఎస్ నంబరు 120 అది. కొల్లేరు ఏలూరు వాళ్ల గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లు ఒక్కసారి 2024 సెప్టెంబరును గుర్తు చేసుకోండి. ఆ నెల సింగ్‌నగర్ ఇళ్లను ముంచిన బుడమేరు చివరికి వెళ్లి కలిసేది కొల్లేరులోనే. అక్కడి నీళ్లు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాలి. మధ్యలో ఎవరు ఎక్కడ గట్టు వేశారన్నది పక్షులు చూడ్డానికి వెళ్లేవాళ్ల సమస్య ఒక్కటే కాదు.

స్థలం కొనేటప్పుడు మనవాళ్లు ఎంత జాగ్రత్తపడతారో తెలిసిందే. లింకు డాక్యుమెంట్లు అడుగుతారు, ఈసీ తీయిస్తారు, నాలుగు హద్దులూ దగ్గరుండి కొలిపిస్తారు. అభయారణ్యం జీవోను కూడా ఆ కళ్లతోనే చదవాలి. రోడ్డు పక్కన అటవీశాఖ బోర్డు మీద ఏం రాసి ఉందో మర్చిపోండి. బోర్డుకు చట్టంలో విలువ లేదు.

ముందు సెక్షన్ నంబరు చూడండి. జీవో మొదటి పేరాలోనో, చివర నోటిఫికేషన్‌లోనో ‘ఫలానా సెక్షన్ కింద దఖలు పడిన అధికారాలను వినియోగించుకుని’ అనే ధోరణిలో ఒక వాక్యం ఉంటుంది. చేతిలో పెన్సిల్ ఉంటే దాని కింద గీత గీయండి.

అక్కడ 18 అని ఉంటే, అభయారణ్యం చేయాలన్న ఉద్దేశాన్ని ప్రభుత్వం ప్రకటించిందని అర్థం. 26ఏ అని ఉంటే అది తుది ప్రకటన. కొల్లేరు జీవో 26ఏ కింద వచ్చిందే. ఉద్దేశమేగా అని 18ని తేలిగ్గా తీసుకోకండి. 18ఏ సెక్షన్ వచ్చాక, 18 కింద ప్రకటన వెలువడిన రోజు నుంచే 27 నుంచి 33ఏ వరకు ఉన్న నిషేధాలన్నీ వర్తిస్తాయి. 20వ సెక్షన్ ప్రకారం ఆ రోజు తర్వాత ఆ నేలలో కొత్తగా ఎవరికీ హక్కు పుట్టదు, వారసత్వంగానో వీలునామా ద్వారానో వస్తే తప్ప. ప్రకటన వచ్చాక అందులో చెరువు లీజుకు తీసుకున్నవాడి చేతిలో ఉన్న కాగితం ఎందుకు నిలబడదో ఇప్పుడు తెలిసిందా?

35 అని కనిపిస్తే అది జాతీయ ఉద్యానం. 36ఏ ప్రభుత్వ భూమిలో పెట్టే కన్సర్వేషన్ రిజర్వు, 36సీ ప్రజలు తమంతట తామే ముందుకొచ్చి తమ భూమిలో పెట్టించుకునే కమ్యూనిటీ రిజర్వు. ఈ రెండూ 2002 సవరణతో వచ్చాయి. 38వీ అంటే పులుల అభయారణ్యం, 2006 సవరణలోది. మాచర్ల దాటాక మొదలయ్యే నాగార్జునసాగర్–శ్రీశైలం ఆ కోవలోది, విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది.

అసలు ఈ చట్టం పేరే లేకుండా ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 అని ఉందనుకోండి, అది రిజర్వు ఫారెస్టు. అక్కడ 4వ సెక్షన్ ప్రాథమిక ప్రకటన, 15వది తుది ప్రకటన. మన కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి చెక్క ఇచ్చే కొండపల్లి అడవి రిజర్వు ఫారెస్టే. దానికి రక్షణ లేదని కాదు. అక్కడ కేసు పడితే వేరే చట్టం, వేరే సెక్షన్లు. పేపర్లో ‘అభయారణ్యంలో తవ్వకాలు’ అని చదివినప్పుడు ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే.

ఇక హద్దులు. జీవోలో విసుగు పుట్టించే భాగం ఇదే, అసలు తగాదాలన్నీ ఉండేదీ ఇక్కడే. మామూలుగా వెనకాల షెడ్యూలులో తూర్పున ఫలానా వాగు, పడమర ఫలానా సర్వే నంబరు అని రాస్తారు. కొల్లేరుకు అలా కాకుండా సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు గీతను, అంటే ఐదో కాంటూరును, హద్దుగా తీసుకున్నారు. ఆ గీత లోపల ఉన్న సరస్సంతా అభయారణ్యం, 308.55 చదరపు కిలోమీటర్లు. కైకలూరు వైపు ఎవర్ని కదిపినా ‘ఐదో కాంటూరు, మూడో కాంటూరు’ అనే మాట్లాడతారు. చదువుకోనివాళ్ల నోట కూడా ఈ సర్వే మాట నలిగిపోయింది.

నన్నడిగితే, కాగితం మీద చక్కగా కుదిరి పొలంలో కంటికి కనబడని హద్దు ఇది. కొల్లేరు అంచున నేల వాలు చాలా తక్కువ, ఎత్తులో ఒక్క అడుగు తేడా వస్తే గీత ఎక్కడికో జరుగుతుంది. రాయి ఉండదు, కంచె ఉండదు. ‘మాస్టారూ, మట్టి తోలించి గట్టు ఎత్తు చేసుకుంటే మా చెరువు కాంటూరు బయటికి వచ్చేసినట్టేనా?’ అని అడిగినవాళ్లున్నారు. రాదు. హద్దు ఒకసారి ప్రకటించాక దాన్ని మార్చాలంటే జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు ఉండాలని 26ఏలోనే రాసి ఉంది. లారీతో తోలిన మట్టికి ఆ అధికారం లేదు. రాష్ట్రం ఒక్కటే తలుచుకున్నా కుదరదు. కొల్లేరు హద్దును ఐదో కాంటూరు నుంచి మూడుకు తగ్గించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. తీర్మానంతోనే హద్దు మారిపోలేదంటే కారణం ఈ నిబంధనే. రాష్ట్రం గీసిన గీతను రాష్ట్రమే చెరుపుకోలేకుండా చేయడం ఈ చట్టంలోని అసలైన తాళం అని నేనంటాను.

మూడోది హక్కులు. అభయారణ్యం అనగానే ఊళ్లు ఖాళీ చేయిస్తారన్న భయం ఎక్కువమందికి ఉంటుంది. చట్టం ఏమంటుందో చూడండి. 18 కింద ప్రకటన వచ్చాక కలెక్టరు 60 రోజుల్లోపు ఆ ప్రాంతపు భాషలో, అంటే ఇక్కడ తెలుగులో, ఊరూరా ప్రకటన చేయించాలి. హక్కులున్నవాళ్లు రెండు నెలల్లో అర్జీ పెట్టుకోవాలి. విచారణ అయ్యాక 24వ సెక్షన్ కింద కలెక్టరు ముందు మూడు దారులు: ఆ భూమిని హద్దు నుంచి తప్పించడం, పరిహారమిచ్చి తీసుకోవడం, లేదా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌తో సంప్రదించి ఆ హక్కును లోపలే కొనసాగనివ్వడం. మూడో దారి 24(2)లో (సి) అనే చిన్న క్లాజు.

ఇప్పుడు 35(3) తెరవండి. జాతీయ ఉద్యానానికి కూడా 19 నుంచి 26ఏ వరకు ఉన్న సెక్షన్లే వర్తిస్తాయని రాసి, మధ్యలో బ్రాకెట్లో ‘24(2)(సి) మినహా’ అన్నారు. అభయారణ్యానికీ జాతీయ ఉద్యానానికీ ఉన్న తేడాలో సగం ఆ బ్రాకెట్లోనే ఉంది. అభయారణ్యంలో పాత హక్కు లోపలే బతకొచ్చు, జాతీయ ఉద్యానంలో ఆ దారి మూసేశారు. పశువుల మేత కూడా అంతే: అభయారణ్యంలో వార్డెన్ నియంత్రించొచ్చు, ఆపేయొచ్చు. ఉద్యానంలోనైతే చట్టమే మేతను నిషేధించింది.

కొల్లేరులో 2006లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టించినప్పుడు సొంత భూమి ఉన్న జిరాయితీ రైతు, ప్రభుత్వమిచ్చిన భూమి ఉన్న డీ-ఫారం పట్టాదారు, చేపలు పట్టి బతికే వడ్డి కులంవాడు, బయటి నుంచి పెట్టుబడి తెచ్చినవాడు అందరూ ఒకే మూకగా కనిపించారు. చట్టం దృష్టిలో నలుగురూ నాలుగు రకాలు. జీవో చదివేటప్పుడు ఎవరి హక్కు ఏ దారిన పోయిందో విడివిడిగా రాసుకోండి.

నిషేధాలు, శిక్షలు త్వరగా చూసేద్దాం, అవి బట్టీ పట్టేవే. అనుమతి లేకుండా ప్రవేశం లేదు (27), ఆవాసాన్ని పాడుచేయకూడదు, నీటి ప్రవాహాన్ని మళ్లించకూడదు (29), నిప్పు పెట్టకూడదు (30), ఆయుధంతో అడుగు పెట్టకూడదు (31). పరిశోధనకు, ఫొటోలకు, పర్యాటకానికి 28 కింద పర్మిట్ ఇస్తారు. 2022 సవరణ తర్వాత మామూలు ఉల్లంఘనకు మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. అభయారణ్యంలో వేటాడితే తక్కువలో తక్కువ మూడేళ్లు, గరిష్ఠం ఏడేళ్లు, 25 వేలకు తగ్గని జరిమానా.

ఈ వారం అభ్యాసం. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకు వెళ్లి పెలికాన్లను, పెయింటెడ్ స్టార్కులను చూసి రండి. పక్షి ఎక్కడ వాలినా వేట నిషేధం దానితోపాటే వస్తుంది, దానికి అభయారణ్యం అక్కర్లేదు. కానీ ఆ చెరువుకు, ఆ తుమ్మ చెట్లకు ఏ సెక్షన్ కింద రక్షణ ఉంది? ఊహించొద్దు. జిల్లా అటవీ అధికారి కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి సమాచార హక్కు కింద దరఖాస్తు రాయండి. జిల్లా స్థాయిలో ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ‘వివరాలు కావాలి’ అని రాస్తే చేతికేమీ రాదు. ఇలా అడగండి: ఆ ప్రాంతాన్ని ఏ చట్టంలోని ఏ సెక్షన్ కింద, ఏ తేదీన ప్రకటించారు, ఆ నోటిఫికేషన్ నకలు, హద్దుల షెడ్యూలు, మ్యాపు ఇవ్వండి. ప్రకటించకపోతే ఆ మాటే రాతపూర్వకంగా ఇవ్వమనండి.

వచ్చే పాఠంలో హద్దు బయట ఏం జరుగుతుందో, అంటే పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద గీసే ఎకో సెన్సిటివ్ జోన్ల సంగతి చూద్దాం. ఈలోగా జీవో 120ని మరోసారి చదివి హద్దుల భాగాన్ని సొంత మాటల్లో అయిదు వాక్యాల్లో రాసిపెట్టుకోండి.