కోడిగుడ్డు మీద ఈకలు పీకకుండా గేమ్ డౌన్‌లోడ్ గొడవ తీర్చుకోవడం ఎలా?

బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్‌లో నలుగురం ఉంటాం. ఇద్దరిది గుంటూరు, ఒకడిది అనంతపురం, నాది నెల్లూరు. అద్దె దగ్గర, గిన్నెలు తోమే దగ్గర ఎప్పుడూ మాట రాలేదు. వచ్చిందల్లా కంప్యూటర్ గేములు కొని దించుకునే స్టీమ్ యాప్ దగ్గరే. ఒక శుక్రవారం రాత్రి బిర్యానీ పొట్లాలు విప్పుతుంటే గుంటూరు వాళ్లలో ఒకడు మొదలుపెట్టాడు: "వంద ఎంబీపీఎస్‌కి డబ్బు కడుతున్నాం. 12 వస్తోంది. ఈ కొత్త అప్‌డేట్ పడ్డాకే ఇలా అయింది మామా."

"ఆ 12 పక్కన ఉన్న బి పెద్దదా, చిన్నదా చూడరా" అన్నాడు అనంతపురం వాడు.

"నీ ఈకలు పీకుడు ఆపు" అని గుంటూరు వాడు. అరగంట నడిచింది. ఇలాంటి గొడవ మీ గదిలోనూ వస్తే ఏం చేయాలో చెబుతాను.

ముందు బి సంగతి తేల్చండి

ఇంగ్లిష్‌లో చిన్న బి (b) అంటే బిట్, పెద్ద బి (B) అంటే బైట్. 8 బిట్లు కలిస్తే ఒక బైట్. ఇంటర్నెట్ కంపెనీలు బిట్లలో అమ్ముతాయి (ఎంబీపీఎస్ అంటే సెకనుకి మెగాబిట్లు), గేమ్ సైజు బైట్లలో ఉంటుంది. కాబట్టి 100 ఎంబీపీఎస్ లైన్‌లో సెకనుకి గరిష్ఠంగా వచ్చేది 12.5 మెగాబైట్లు. ఆ లెక్కన 60 జీబీ దిగడానికి గంటా ఇరవై నిమిషాలు. 12 కనిపిస్తోందంటే లైన్ బ్రహ్మాండంగా ఉన్నట్టే.

స్టీమ్ సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్ పేజీకి వెళ్తే, వేగాన్ని బిట్లలో చూపించే స్విచ్ ఒకటి ఉంటుంది. ఒకరి ల్యాప్‌టాప్‌లో అది ఆన్, ఇంకొకరి దాంట్లో ఆఫ్ అయితే ఒకే వేగం ఇక్కడ 96, అక్కడ 12. ఇద్దరూ నిజమే చెబుతుంటారు, అరుచుకుంటూ ఉంటారు.

జీబీ లెక్క మీద కూడా ఇలాంటి తగువే ఉంది. ఒక టీబీ (వెయ్యి జీబీ) ఎస్‌ఎస్‌డీ డిస్క్ కొంటే విండోస్‌లో 931 జీబీ చూపిస్తుంది. తయారీదారు వెయ్యితో లెక్కేస్తాడు, విండోస్ 1024తో. ఈ తికమక పోవాలని 1024 లెక్కకి 1998లోనే గిబిబైట్ అనే వేరే మాట పెట్టారు గానీ, మా గదిలో ఆ మాట వాడేది ఒక్కడే. డిస్క్ నిండబోతుంటే తప్ప దీని గురించి వాదించడం నా ఉద్దేశంలో నిజంగా ఈకలు పీకడమే.

తర్వాత గ్రాఫ్ చూడండి

ఎక్కువ అపార్థాలు పుట్టేది ఇక్కడే. డౌన్‌లోడ్స్ పేజీ పైన కనిపించే గ్రాఫ్‌లో నెట్‌వర్క్ వేగం, డిస్క్ వేగం వేర్వేరుగా కనిపిస్తాయి. గేమ్ మొత్తం ఒకే ఫైలుగా రాదు. సుమారు ఒక మెగాబైట్ ముక్కలుగా, కుదించిన రూపంలో వస్తుంది. వచ్చిన ముక్కల్ని విప్పడం ప్రాసెసర్ పని, రాసుకోవడం డిస్క్ పని. నెట్ వేగంగా ఉండి డిస్క్ పాతదైతే, డిస్క్ అందుకునేదాకా డౌన్‌లోడ్ సున్నాకి పడిపోతుంది. అది చూసి "నెట్ పోయింది" అని పరుగెత్తుకెళ్లి రౌటర్ ఆపేయకండి. పక్క గదిలో మీటింగ్‌లో ఉన్నవాడు మిమ్మల్ని తిడతాడు.

అప్‌డేట్లు ఇంకో రకం. దిగేది 2 జీబీయే, పట్టేది అరగంట. ఎందుకంటే కొన్ని గేముల్లో డేటా అంతా కొన్ని పెద్ద ఫైళ్లలో కట్టలు కట్టి ఉంటుంది. అందులో కొంచెం మారినా ఆ పెద్ద ఫైలంతా మళ్లీ రాయాలి, దానికి ఖాళీ జాగా కూడా కావాలి. "రెండు జీబీకి ఇరవై జీబీ ఖాళీ అడుగుతోందేంటి" అనే ప్రశ్నకి జవాబు ఇదే. గ్రాఫ్‌లో నెట్ నిలబడి డిస్క్ ఆడుతుంటే ఊరికే కూర్చోండి.

"అప్‌డేట్ చెడగొట్టింది" అంటే, ఏ అప్‌డేట్?

గేమ్ అప్‌డేటా, స్టీమ్ అప్‌డేటా? రెండోదైతే హెల్ప్ మెనూలో అబౌట్ తెరిచి, ఇద్దరి బిల్డ్ తేదీలూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఒకరు బీటాలో, అంటే ఇంకా పరీక్షిస్తున్న వెర్షన్‌లో ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో ఇంటర్‌ఫేస్ కింద బీటా ఎంపిక తీసేసి రీస్టార్ట్ చేస్తే మామూలు వెర్షన్ వస్తుంది. 2023 జూన్‌లో స్టీమ్ రూపం బాగా మారింది కాబట్టి, అంతకు ముందు వీడియోల్లో చూపించిన చోట బటన్లు దొరక్కపోవచ్చు. విండోస్ 7, 8 లకి 2024 జనవరి 1తో సపోర్ట్ ఆగిపోయింది. ఆ ల్యాప్‌టాప్ గురించి వాదించి లాభం లేదు.

అప్పటికీ నెమ్మదిగా ఉంటే

సెట్టింగ్స్‌లోని డౌన్‌లోడ్స్ పేజీలో రీజియన్, అంటే గేమ్ ఏ ఊరి సర్వర్ నుంచి రావాలో మార్చి చూడండి. దగ్గరి నగరమే వేగంగా ఉండాలని లేదు. డౌన్‌లోడ్ కాష్ (స్టీమ్ తాత్కాలికంగా దాచుకున్న డేటా) క్లియర్ చేసే బటన్ కూడా అక్కడే. ఆఫీసు వేళల్లో నెట్ మింగేయకుండా వేగానికి హద్దు పెట్టొచ్చు. ఆ గడిలో అంకె పక్కన యూనిట్ ఏముందో మాత్రం చూసుకోండి, లేకపోతే కథ మళ్లీ మొదటికొస్తుంది.

నలుగురికీ ఒకే గేమ్ కావాలంటే నాలుగుసార్లు దించకండి. 2023లో స్టీమ్‌లో వచ్చిన సదుపాయంతో ఒకరి కంప్యూటర్ నుంచి మిగతావాళ్లు ఇంట్లోని నెట్‌వర్క్ మీదే తీసుకోవచ్చు. ఎవరికి ఇవ్వాలన్న చోట ఫ్రెండ్స్ అని పెట్టాలి. పీజీల్లో రౌటర్లు ఒక పరికరాన్ని ఇంకొకదానికి కనపడనివ్వకపోతే ఇది పనిచేయదు.

తప్పు దిద్దే పద్ధతి

అడిగినదానికి ముందు జవాబు చెప్పండి, ఆ తర్వాత మాట దిద్దండి. దిద్దితే చేయాల్సిన పని మారుతుందా అని చూసుకోండి. బి విషయంలో మారుతుంది, నెట్ కంపెనీకి ఫోన్ చేయడం తప్పుతుంది. "గేమ్ కొన్నాను" అన్నవాడితో "కొనలేదు, లైసెన్స్ తీసుకున్నావ్" అంటే మాట నిజమే. 2024 అక్టోబర్ నుంచి స్టీమ్ కూడా డబ్బు కట్టే ముందు అదే చెబుతోంది. కానీ రాత్రి పదకొండుకి ఆడదామని కూర్చున్నవాడికి ఆ ముక్క ఎందుకు?

ఆ శుక్రవారం నేను చేసింది ఒక్కటే. గుంటూరు వాడి ల్యాప్‌టాప్ లాక్కుని బిట్ల స్విచ్ ఆన్ చేశాను. 12 కాస్తా 96 అయింది.

"ఇప్పుడు చూడు, ఎలా దున్నేస్తోందో!" అన్నాడు వాడు.

అనంతపురం వాడు నోరు తెరవబోయాడు. బిర్యానీ పొట్లం వాడి ముందుకు తోశాను.