యాక్చువరీ కావాలంటే డిగ్రీలో ఏం చదవాలి, ఏ వరసలో చదవాలి?

ఇంటర్ ఎంపీసీ అయిపోయి, లెక్కలంటే ఇష్టం ఉండి, అందరిలా సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లాలని లేని పిల్లలకి ఎవరో ఒకరు యాక్చువరీ ఉద్యోగం గురించి, అంటే బీమా కంపెనీల్లాంటి చోట్ల రాబోయే నష్టాలని, ప్రీమియంలని లెక్కలతో అంచనా వేసే పని గురించి చెబుతారు. వెంటనే ఇంట్లో అడిగే ప్రశ్న ఒకటే: "దానికి ఏ కాలేజీలో సీటు తెచ్చుకోవాలి?"

పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. డిగ్రీ పట్టా చేతికొచ్చినంత మాత్రాన ఎవరూ యాక్చువరీ కారు. సీఏలాగే ఇది కూడా కాలేజీతో సంబంధం లేని సంస్థ పెట్టే పరీక్షలు ఒక్కొక్కటిగా పాసై సంపాదించుకునే అర్హత. మన దేశంలో ఆ సంస్థ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా. 2006 నాటి యాక్చువరీస్ చట్టం దానికి ఆధారం. మరి డిగ్రీ ఎందుకంటారా? ఆ పరీక్షల తొలి పేపర్లలో ఉండేది చాలావరకు డిగ్రీ స్థాయి పాఠమే. సబ్జెక్టులు సరిగ్గా ఎంచుకుంటే ఒకసారి చదివింది రెండు చోట్ల పనికొస్తుంది. లేకపోతే మూడేళ్లు ఒకటి చదివి, తర్వాత మళ్లీ మొదటి నుంచి ఇంకొకటి చదవాలి.

1. ముందు ఈ లెక్క వేసి చూడండి

సీటు సంగతి తర్వాత. ఒకే వయసున్న 10,000 మంది ఏడాదికి తలా 10 లక్షల బీమా తీసుకున్నారనుకోండి. ఆ ఏడాదిలో వెయ్యికి ఇద్దరు చనిపోతారని అంచనా. అంటే 20 మంది, 2 కోట్ల క్లెయిములు. తలా 2,000 రూపాయలు వసూలు చేస్తే సరిపోతుంది. ప్రీమియం ఏడాది మొదట్లో వచ్చి, క్లెయిములు ఏడాది చివర్లో చెల్లిస్తే, మధ్యలో 6 శాతం వడ్డీ వస్తుంది కాబట్టి 1,887 చాలు. ఇంతవరకు ఎవరైనా వేస్తారు.

ఇరవై మందికి బదులు 29 మంది చనిపోతే? బైనామియల్ డిస్ట్రిబ్యూషన్‌లో వేరియన్స్ ఎన్‌పీక్యూ అని ఇంటర్‌లో బట్టీ పట్టి ఉంటారు. ఇక్కడ అది 19.96, స్టాండర్డ్ డీవియేషన్, అంటే సగటుకి అటూ ఇటూ మామూలుగా ఎంత తేడా వస్తుందో చెప్పే కొలత, దాదాపు 4.47. అంటే 29 అన్నది సగటుకి రెండు డీవియేషన్ల దూరంలోనే ఉంది. అలాంటి ఏడాది రావడం పెద్ద వింతేమీ కాదు. వస్తే కంపెనీ 2 కోట్ల 90 లక్షలు కట్టాలి. ఆ తొంభై లక్షలు ఎక్కడి నుంచి తేవాలి, ముందే ఎంత పక్కన పెట్టి ఉండాలి? ఇంకో మెలిక కూడా ఉంది. ఒకరి చావుకీ ఇంకొకరి చావుకీ సంబంధం లేదనుకుంటేనే ఆ సూత్రం పనిచేస్తుంది. కరోనా వచ్చినప్పుడు ఆ అనుకోవడమే తప్పయింది.

ఈ ప్రశ్నలు మీకు ఆసక్తిగా అనిపిస్తే ముందుకి చదవండి. "ఇదంతా ఎవడికి కావాలి, జీతం ఎంతో చెప్పు" అనిపిస్తే ఇంకో దారి చూసుకోవడమే మంచిది. ఈ అర్హతకి రాయాల్సిన పదమూడు పేపర్లు జీతం మీద ఆశతో మాత్రమే పూర్తి కావు.

2. డిగ్రీ పేరు కాదు, అందులో స్టాటిస్టిక్స్ ఉందా చూడండి

తెలంగాణలో డిగ్రీ సీట్లకి దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ రెండూ ఉన్న బీఎస్సీ వెతకండి. మూడోది కంప్యూటర్ సైన్సైనా, ఎకనామిక్సైనా పరవాలేదు. ఏపీలో అయితే స్టాటిస్టిక్స్ మేజర్‌గా తీసుకుని, దానితో మ్యాథ్స్ కూడా దొరుకుతుందేమో అడగండి. బీటెక్ వాళ్లకి పీ అండ్ ఎస్ (ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్) ఒక సెమిస్టర్ ఉంటుంది గానీ అది రుచి చూపించడం వరకే, మిగతాది సొంతంగా చదువుకోవాలి. బీకామ్ వాళ్లకి అకౌంట్స్ కలిసొస్తుంది, కాలిక్యులస్ దగ్గర ఇబ్బంది పడతారు. ఎంఈసీ నుంచి వచ్చినవాళ్లకి అది కొంత తక్కువ.

యాక్చువరియల్ సైన్స్ అని పేరు పెట్టుకున్న కోర్సులు చెడ్డవని కాదు. కాకపోతే ఫీజు ఎక్కువ ఉన్నచోట, "మా డిగ్రీ చేస్తే ఇన్ని పేపర్లు మినహాయింపు" అని చెబితే, ఆ మాట బ్రోషర్‌లో చూసి నమ్మేయకండి. మినహాయింపు ఇచ్చేది కాలేజీ కాదు, పరీక్షలు పెట్టే సంస్థ. దాని దగ్గరే కనుక్కోండి.

3. సెమిస్టర్ సిలబస్‌ని, పరీక్ష సిలబస్‌ని పక్కపక్కన పెట్టండి

2019లో వచ్చిన పద్ధతిలో మొదటి మెట్టు ఏడు పేపర్లు: సీఎస్1, సీఎస్2, సీఎం1, సీఎం2, సీబీ1, సీబీ2, సీబీ3. సీఎస్ అంటే స్టాటిస్టిక్స్, సీఎం అంటే యాక్చువరియల్ మ్యాథ్స్, సీబీ అంటే బిజినెస్ పేపర్లు. సిలబస్‌లో మార్పులు జరుగుతుంటాయి కాబట్టి ఈ ఏడాదిది సంస్థ వెబ్‌సైట్ నుంచి దించుకోండి.

క్లాసులో ప్రాబబిలిటీ, ఎస్టిమేషన్, హైపాథిసిస్ టెస్టింగ్, రిగ్రెషన్ నడుస్తుంటే అదంతా సీఎస్1. మార్కోవ్ చైన్లు, టైమ్ సిరీస్ సీఎస్2లోకి వెళ్తాయి. మైక్రో, మ్యాక్రో ఎకనామిక్స్ సీబీ2, బ్యాలెన్స్ షీట్లు, ఫైనాన్స్ సీబీ1.

సీఎం1 మాత్రం మామూలు డిగ్రీలో దాదాపు కనిపించదు. దాని పునాది వడ్డీ లెక్క. అయితే ఇది మన ఊళ్లలో కొత్తేమీ కాదు. రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి నూటికి రెండు. పన్నెండు నెలలకి 24 శాతం అని అప్పిచ్చినాయన అంటాడు, నెలనెలా అసలులో కలుపుకుంటూ పోతే అది 26.82 శాతం. నామినల్, ఎఫెక్టివ్ రేట్ల పాఠం అంటే అదే. ఇంట్లో చిట్టీ పుస్తకం ఉంటే అది ఇంకా మంచి అభ్యాసం. నెలనెలా కట్టింది, పాడుకుని తీసుకుంది ఎక్సెల్‌లో ఒక వరసలో రాసి, నిజంగా ఎంత వడ్డీ పడిందో చూడండి. అమ్మ ఒప్పుకోకపోవచ్చు, అది వేరే సంగతి.

4. ఎంట్రెన్స్ తొందరగా రాసేయండి

ఆ సంస్థలో విద్యార్థిగా చేరడానికి ఏసెట్ అనే ఎంట్రెన్స్ ఉంటుంది. అది రాయడానికి డిగ్రీ పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. ఇంటర్ పాసై, అందులో ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, డేటా ఇంటర్‌ప్రెటేషన్, ఇంగ్లీషు, లాజికల్ రీజనింగ్ ఉంటాయి. ఇంటర్ లెక్కలు మరిచిపోకముందే, డిగ్రీ మొదటి ఏడాదిలోనే రాయడం తేలిక.

5. ఎక్సెల్, ఆర్ మొదటి ఏడాది నుంచే

సీఎస్ పేపర్లలో ఒక భాగం ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, సీఎం పేపర్లలో ఒక భాగం ఎక్సెల్‌లో కంప్యూటర్ మీద చేయాలి. ఆర్ ఉచితం. కాలేజీ ల్యాబ్‌లో రికార్డు కాపీ కొట్టి నేర్చుకుంటే పరీక్ష హాల్లో చేతులు ఆడవు. పైన చెప్పిన 10,000 మంది లెక్కనే ఆర్‌లో పదివేల సార్లు నడిపించి, ఎన్నిసార్లు చావులు 29 దాటాయో లెక్కపెట్టండి. తర్వాత 2012-14 నాటి భారతీయ బీమాదారుల మరణాల పట్టిక తీసుకుని, ముప్పై ఏళ్ల మనిషికి ఇరవై ఏళ్ల టర్మ్ పాలసీ ప్రీమియం ఎక్సెల్‌లో మీరే కట్టి చూడండి. ఇంటర్వ్యూలో చూపించడానికి సర్టిఫికెట్ల కంటే ఇదే నయం అని నా అభిప్రాయం.

6. పేపర్ల వరస, తేదీల టెన్షన్

నన్నడిగితే మొదట సీఎస్1, దానితో కావాలంటే సీబీల్లో ఒకటి. ఆ తర్వాత సీఎం1. డిగ్రీ అయ్యేలోపు రెండు మూడు పేపర్లు చేతిలో ఉంటే ఉద్యోగానికి ధైర్యంగా వెళ్లొచ్చు. మిగతావి పని చేస్తూ రాసుకునేవాళ్లే ఎక్కువ. పాత ప్రశ్నపత్రాలు సంస్థ వెబ్‌సైట్లో ఉంటాయి. అవి టైం పెట్టుకుని రాయండి, ఊరికే చదివితే అన్నీ వచ్చినట్టే ఉంటుంది.

అమెరికాలో ఎమ్మెస్ ఆలోచన ఉన్నవాళ్లకి దారి వేరు. అక్కడి సొసైటీ ఆఫ్ యాక్చువరీస్‌లో మొదటి పరీక్షలు పీ (ప్రాబబిలిటీ), ఎఫ్ఎం (ఫైనాన్షియల్ మ్యాథమెటిక్స్). ఎకనామిక్స్, అకౌంటింగ్ అండ్ ఫైనాన్స్, మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ మాత్రం పరీక్ష రాయకుండా ఆమోదం పొందిన యూనివర్సిటీ కోర్సులతోనే గట్టెక్కొచ్చు, కాకపోతే గ్రేడు బీ మైనస్‌కి తగ్గకూడదు.

ఇక్కడ చదివేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. యాక్చువరీ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, మే ప్రాంతంలో ఒకసారి, నవంబరు ప్రాంతంలో ఒకసారి వస్తాయి. మన సెమిస్టర్ పరీక్షలు కూడా ఇంచుమించు అప్పుడే. ఫీజు కట్టేముందు రెండు టైంటేబుళ్లూ పోల్చుకోండి. ఢీకొంటే ఆ విడత ఒక్క పేపర్‌తో సరిపెట్టుకోండి, బ్యాక్‌లాగ్ తెచ్చుకోవద్దు. యాక్చువరీ పేపర్ ఆరు నెలలకి మళ్లీ రాయొచ్చు. బీఎస్సీ మంచి మార్కులతో పూర్తయితే, ఒకవేళ ఈ దారి కుదరకపోయినా ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ సీటు కోసం ప్రయత్నించే వీలుంటుంది.