యేసు పరిచర్య కాలక్రమాన్ని మీరే కట్టుకోవడం ఎలా

నాలుగు సువార్తల్లో ఎక్కడా సంవత్సరం అంకె రాసి లేదు. క్రీస్తు శకం అనే లెక్కే 525లో దియొనీసియుస్ ఎక్సిగూస్ అనే సన్యాసితో మొదలైంది. అందుకే యేసు పరిచర్య ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో తెలియాలంటే రాజుల ఏలుబడి, పండుగలు, చంద్రమాసం మూడూ కలిపి లెక్క కట్టాలి. నాలుగు సువార్తలు, అపొస్తలుల కార్యములు, గలతీ పత్రిక, ఒక పెద్ద కాగితం దగ్గర పెట్టుకోండి. రాసేది పెన్సిలుతోనే, చెరపాల్సినవి చాలా వస్తాయి.

కాగితం మీద క్రీ.శ. 26 నుంచి 36 వరకు గళ్లు గీయండి. ఏడాదికి నాలుగు భాగాలు: వసంతం, వేసవి, శరత్తు, చలికాలం. యూదుల పండుగల్లో పస్కా వసంతంలో, పర్ణశాలల పండుగ శరత్తులో, ఆలయ ప్రతిష్ఠిత పండుగ చలికాలంలో వస్తాయి కాబట్టి నెలలకంటే ఋతువులే మనకు పనికొస్తాయి. పక్కనే ఒక సన్నని వరుస వదలండి. ప్రతి సంఘటన ఎదుట "రాసి ఉంది", "లెక్క కట్టాం", "ఊహ" అని మూడింటిలో ఒకటి వేయాలి. ఈ వరుస లేని పట్టికలో ఊహలు కూడా నిజాల్లాగే కనబడతాయి.

ముందు గట్లు వేయండి. రోమా అధిపతి పిలాతు యూదయను ఏలింది 26 నుంచి 36 వరకు. కయప ప్రధాన యాజకుడుగా ఉన్నది 18 నుంచి 36 వరకు. యేసు మరణం పిలాతు హయాంలో జరిగిందని రోమా చరిత్రకారుడు టాసిటస్ కూడా రాశాడు. ఈ గట్లు దాటి ఏదీ పోకూడదు.

తరువాత చివరి రోజు పట్టుకోండి, మొదలుకంటే అదే తేలిక. సిలువ వేసింది విశ్రాంతి దినానికి ముందు రోజు, అంటే శుక్రవారం అని నాలుగు సువార్తలూ చెబుతాయి. యోహాను ప్రకారం అది నీసాను 14 (నీసాను అంటే యూదులకు పస్కా వచ్చే చంద్రమాసం). మిగతా మూడింటిలో కడరాత్రి భోజనమే పస్కా భోజనం కాబట్టి 15 అవుతుంది. యూదుల దినం సూర్యాస్తమయంతో మొదలవుతుంది. ఇది మరిచిపోతే గురువారం రాత్రి భోజనం ఒక దినానా, శుక్రవారం మధ్యాహ్నం మరో దినానా పడతాయి. నిజానికి రెండూ ఒకే దినం. నీసాను 14 శుక్రవారమైన సంవత్సరాల్లో పండితులు ఎక్కువగా నిలబెట్టేవి రెండు: క్రీ.శ. 30లో ఏప్రిల్ 7, క్రీ.శ. 33లో ఏప్రిల్ 3. నెల మొదలు నెలవంకను కంటితో చూసి నిర్ణయించేవారు గనుక ఒక రోజు తేడాకు చోటుంది. రెండు తేదీలనూ పట్టికలో ఉంచండి.

ఇక మొదలు. రోమా చక్రవర్తి తిబెరి కైసరు ఏలుబడి 15వ ఏట బాప్తిస్మమిచ్చు యోహాను పరిచర్య మొదలైందని లూకా 3:1 చెబుతుంది. అతనికి ముందు ఏలిన అగస్తు చనిపోయింది క్రీ.శ. 14లో ఆగస్టు 19న. అక్కడినుంచి నేరుగా లెక్కిస్తే 15వ ఏడు క్రీ.శ. 28లో ఆగస్టు నుంచి క్రీ.శ. 29లో ఆగస్టు వరకు. సిరియా వాడుకలో శరత్తుతో కొత్త ఏడు మొదలుపెట్టి, ముందున్న కొద్ది వారాలనూ ఒక ఏడుగా ఎంచితే అది 27 శరత్తు నుంచి 28 శరత్తు వరకు. ఒక్క వాక్యం మీద ఏడాది తేడా! ఏ లెక్క తీసుకున్నారో పట్టికలో రాసుకోండి.

దీన్ని యోహాను 2:20తో సరిచూడండి: ఆలయం 46 ఏండ్లుగా కడుతున్నారని అక్కడుంది. హేరోదు రాజు తన ఏలుబడి 18వ ఏట పని మొదలుపెట్టాడని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు, అంటే క్రీ.పూ. 20-19. సున్నా సంవత్సరం లేదు కాబట్టి కూడి ఒకటి తీసేయాలి: 19 + 28 - 1 = 46. ఈ తీసివేత మరచిపోవడం అందరూ చేసే తప్పు. దీంతో మొదటి పస్కా 28 వసంతంలో వస్తుంది, సిరియా లెక్కకు చక్కగా అతుకుతుంది. అదే 46 ఏండ్లను లోపలి గర్భాలయం పూర్తయినప్పటినుంచి లెక్కిస్తే, అది ఏడాదిన్నరలో పూర్తయింది గనుక, 30 దాకా వస్తాం. అప్పుడు ముగింపు 33.

ఇప్పుడు పస్కాలు లెక్కపెట్టండి. యోహానులో పేరుతో చెప్పినవి మూడు: 2:13, 6:4, 11:55. మూడు పస్కాలంటే రెండేళ్లకు పైచిలుకు. 5:1లో పేరు లేని పండుగను కూడా పస్కాగా తీసుకుంటేనే మూడున్నరేళ్లు వస్తాయి. దాని ఎదుట "ఊహ" అని రాయక తప్పదు. మార్కు, మత్తయి, లూకాల్లో ఒక్క పస్కాయే కనిపిస్తుంది, అందుకే తొలినాటి క్రైస్తవ పండితుడు అలెగ్జాండ్రియా క్లెమెంటు పరిచర్య ఒక్క ఏడే అన్నాడు. అయినా మార్కు 2:23లో కోతకొచ్చిన వెన్నులు, 6:39లో పచ్చిక ఉన్నాయి. చివరి పస్కాకు ముందే వసంతం గడిచిందని ఆ రెండూ చెప్పకనే చెబుతాయి.

సంఘటనలు పేర్చేటప్పుడు మార్కు "వెంటనే" అన్న ప్రతిచోటా మరుసటి రోజు అని పెట్టకండి. మార్కు విన్నది సరిగా రాశాడు గాని వరుసలో రాయలేదని రెండో శతాబ్దంలోనే పపియా అనే బిషప్ చెప్పినట్టు సంఘ చరిత్రకారుడు యుసేబియస్ భద్రపరిచాడు. అదే యుసేబియస్ ఇంకో మంచి తాళంచెవి ఇస్తాడు: మిగతా ముగ్గురూ బాప్తిస్మమిచ్చు యోహాను చెర తరువాతి కాలం రాశారు, సువార్త రాసిన యోహాను అంతకు ముందుది పూరించాడు. కాబట్టి యోహాను 1 నుంచి 3 వరకు ఉన్నది ఆ చెరను చెప్పే మార్కు 1:14కు ముందు గళ్లలో పెట్టండి. అప్పటికింకా చెరలో పడలేదని చెప్పే యోహాను 3:24 అందుకు సాక్ష్యం. ప్రయాణాలకు కూడా చోటు వదలాలి. సమరయ మీదుగా గలిలయ నుంచి యెరూషలేముకు మూడు రోజుల నడక అని జోసీఫస్ లెక్క.

చివర పౌలు వైపునుంచి వెనక్కి లాగి చూడండి. పౌలును ఎవరి ఎదుటికి తెచ్చారో ఆ గల్లియోను అకయ (గ్రీసు ప్రాంతం) అధిపతిగా ఉన్నది 51-52 ప్రాంతంలో అని డెల్ఫీ శాసనం చూపుతుంది (అపొ. కార్య. 18:12తో కలపాలి). పౌలు క్రీస్తును నమ్మిన తరువాతి కాలానికి గలతీ 1:18లో మూడేళ్లు, మళ్లీ యెరూషలేముకు వెళ్లేదాకా 2:1లో 14 ఏళ్లు ఉన్నాయి. 14లోనే మూడు కలిసున్నాయంటే 33కు ఇబ్బంది లేదు. విడిగా కూడి 17 చేసి, యెరూషలేము సమావేశాన్ని 49 ప్రాంతంలో పెడితే 33 ఇరుకవుతుంది, 30 హాయిగా పడుతుంది. మా మొగ్గు 28 నుంచి 30 వైపే, కాని 30 నుంచి 33 అన్న రెండో లెక్కను చెరపకండి.

ఎన్ని లెక్కలు కట్టినా దేవాలయ శుద్ధి (యేసు ఆలయంలోంచి వ్యాపారులను వెళ్లగొట్టడం) మాత్రం ఒక గడిలో ఇమడదు. యోహాను దాన్ని మొదటి పస్కాలో, మార్కు చివరి వారంలో పెట్టారు. రెండు గళ్లలోనూ రాసి, మధ్య గీత గీసి ప్రశ్నార్థకం పెట్టండి.